మూడో అల్కెరెమ్

అడిస్ అబాబా
హిదార్ 3

ప్రియమైన దాగీ అన్నయ్యా,

అభియోగమేమిటో ముందు స్పష్టంగా రాసుకుందాం. నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇది: "నీకు ఒళ్లంతా అసూయే యోదీ. ముక్కూ మొహం తెలియని మనిషి మీద కూడా ఏడుస్తావు." నేను జవాబు చెప్పబోయేసరికి సిగ్నల్ లేదన్నావు. నువ్వు ఓడిపోబోయే ప్రతిసారీ దిరె దావాలో సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ ఇబ్బంది లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

జరిగింది వరసగా చెబుతాను. శుక్రవారం మా విశ్వవిద్యాలయంలో చర్చాపోటీ జరిగింది. "ఇథియోపియన్లు కూడా తరతరాలకు నిలిచే ఇంటిపేరు పెట్టుకోవాలి" అన్నది అంశం. నాది వ్యతిరేక పక్షం. మన పేరు పక్కన తండ్రి పేరు, ఆ పక్కన తాత పేరు నిలబడి ఉండగా వేరే ఇంటిపేరుతో మనకేం పని అన్నాను. పెళ్లయినంత మాత్రాన మా అమ్మ తన తండ్రి పేరు చెరిపేసుకోలేదన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆఖరున నవ్వించడానికి ఒక అస్త్రం దాచుకున్నాను. ప్రపంచంలోని ఇంటిపేర్లన్నీ లెక్కపెట్టే వెబ్‌సైట్ ఒకటుంది. దానికి మన పద్ధతి తెలియదు. మనుషుల చివర ఏ పేరు కనిపిస్తే అదే ఇంటిపేరనుకుంటుంది. సభలో అది చదివాను: "అల్కెరెమ్. చాలా అరుదైన ఇథియోపియన్ ఇంటిపేరు. భూమి మీద ముగ్గురికి ఉంది." చదివి, "అయ్యా, అది ఇంటిపేరు కాదు, మా నాన్న. దెబ్రె బిర్హాన్‌లో కూర్చుని ఉన్ని దుప్పట్లు నేస్తున్నాడు. ఆ పేరు మోసేది నేనూ మా అన్నయ్యా" అన్నాను.

సభంతా నవ్వింది. అప్పుడు ఎదుటి పక్షం నుంచి బెరెకెత్ అనేవాడు లేచాడు. చాలా మర్యాదగా అడిగాడు: "ముగ్గురని మీరే చదివారు. మీరూ మీ అన్నయ్యా కలిసి ఇద్దరు. మూడో ఆయన ఎవరో సభకు పరిచయం చేస్తారా?"

మూడేళ్లుగా వేదికలెక్కుతున్నాను. కాగితాలు మడుచుకుని దిగిపోవడం అదే మొదలు. నాన్న ఆ లెక్కలోకి రాడు, ఆయన పేరు పక్కనున్నది తాతయ్య వుబ్షెత్ పేరు. మరి ఆ మూడోవాడెవడు?

ఇక అభియోగానికి జవాబు. పరాయి సొత్తు మీద కన్ను వెయ్యడం అసూయ. నా సొత్తు మీద ఎవడో చెయ్యి వేస్తే నేను లేచి నిలబడడం కాపలా. బడిలో మా తరగతిలో నలుగురు యోదిత్‌లు ఉండేవారు. మిగతా ముగ్గురికీ తాతల పేర్లు కూడా తగిలిస్తే తప్ప టీచర్‌కు గుర్తు దొరికేది కాదు. నాకు రెండు మాటలు చాలేవి. ఆ పేరు నానమ్మ నోట ఒక్కసారి పలికిన మాట. ఇంకో తల్లికి సరిగ్గా అదే తట్టిందంటే నేను నమ్మను. అలాంటప్పుడు ఆ మూడోవాడికి ఆ పేరు ఏ అల్కెరెమ్ ఇచ్చాడు? ప్రశ్నను ఇంతకంటే ముందుకు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఒక్క సాక్ష్యం మాత్రం చెబుతాను. ఏడాదిగా నాన్న శనివారం శనివారం చాచా సంతకు వెళ్తున్నాడట. తిరిగొచ్చి ఆకలి లేదంటాడట. పళ్లెం దగ్గర మొదటి ముద్ద కలిపి నా నోట్లో పెట్టనిదే తను తినని మనిషి, నేను సెలవుకు వెళ్లిన శనివారం కూడా ఆకలి లేదన్నాడు. ఆ ముద్ద ఎవడి నోట్లో పడుతోందో నాకు తెలియాలి.

నీ ఒక్కగానొక్క చెల్లెలు
(ఒక్కగానొక్క అన్న మాట కింద గీత గీశాను, చూసుకో)
యోదిత్ అల్కెరెమ్


దిరె దావా
హిదార్ 17

ప్రియమైన వకీలమ్మా,

నీ అభియోగపత్రం అందింది. ఈ ఎండలో రైలు సరుకుల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రెండుసార్లు చదివాను. పక్క బల్ల దగ్గరున్న ఆయన, "ఎవరు రాశారు, కోర్టువాళ్లా?" అని అడిగాడు. అవునన్నాను.

ముందు మంచి కబురు. హెర్మెలా వాళ్లింట్లో సుముఖంగానే ఉన్నారు. ఫాసికా పండగ వెళ్లాక మన పెద్దలు వచ్చి పిల్లనడగవచ్చని కబురు పెట్టారు. పెద్దలకు ముందు నడిచేది నాన్నే. కొత్త గాబీ దుప్పటి కప్పుకుని వస్తాడట, ఇప్పటి నుంచే చెబుతున్నాడు. నువ్వు ఆ రోజు ఉపన్యాసం ఇవ్వకుండా ఉంటే నీకు ఇక్కడి నుంచి పట్టు శాలువా తెస్తాను.

ఇక నీ మూడోవాడి సంగతి. నానమ్మ చెప్పిన కథ నీకు సగమే గుర్తున్నట్టుంది. తాతయ్య ఉప్పు బిడారుతో వెళ్లి రెండు వానాకాలాలు ఇంటిపట్టున లేడు. అక్కడే ఎవర్నో చూసుకున్నాడని ఊరంతా అంది. నానమ్మకు అతను వెళ్లిన ఏడాదే ఒక బిడ్డ పోయింది. తాతయ్య మధ్యలో ఒకసారి వచ్చి మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత నాన్న పుట్టే రోజున, నొప్పుల మధ్య గుమ్మంలో కంచరగాడిద గంట వినపడిందట. "అల్కెరెమ్" అందట నానమ్మ. రాకుండా ఉండిపోలేదు, అని. ఆమె అన్నది మొగుడి గురించి. మంత్రసాని పిల్లాడి పేరు చెబుతోందనుకుని బయటికి వెళ్లి చాటేసింది. పొరపాటున పడిన పేరు అది. దాని కోసం నువ్వు సభల్లో యుద్ధాలు చేస్తున్నావు.

ఈ దేశంలో మొగుడి రాక కోసం చెవులు రిక్కించని ఆడది ఎక్కడుంది చెప్పు? ఇంకో ఊళ్లో ఇంకో ఆవిడ నోట అదే మాట వచ్చి ఉండొచ్చు. పైగా ఆ వెబ్‌సైట్ లెక్కలు ఎవరికి తెలుసు. వదిలెయ్ యోదీ. ఆ పిల్ల మానాన ఆ పిల్లను బతకనివ్వు. నాన్నను ఏమీ అడక్కు. ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ దగ్గర ఎప్పుడూ ఓడిపోయే అన్నయ్య
దాగీ


దెబ్రె బిర్హాన్
తహ్సాస్ 30

ప్రియమైన అన్నయ్యా,

నువ్వు అడగొద్దన్నావు. నేను అడిగాను.

నిన్న గెన్నా పండగ. పొద్దున చలికి వణుకుతూ నాన్న కోటు తగిలించుకుని బయటికి వెళ్లాను. జేబులో కాగితం చుట్ట ఉంది. విప్పితే పుస్తకాల అట్టల మీద అంటించే పేరు చీటీలు. నాలుగు రాసినట్టున్నాడు, రెండు మిగిలాయి. "రెదియెత్ అల్కెరెమ్. ఒకటో తరగతి." నాన్న చేతిరాతే. 'కె' అక్షరానికి అంత పెద్ద పొట్ట ఈ భూమి మీద ఇంకెవరూ పెట్టరు. పేరు నీలం పెన్సిల్‌తో రాసి, కింద సన్నటి గీత గీశాడు.

అన్నయ్యా, ఆ నీలం పెన్సిల్ నాది. నీ పుస్తకాలకు నువ్వే అట్టలు వేసుకునేవాడివి, నీకు గుర్తుండదు. బడి తెరిచే ముందు రోజు నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కత్తెరతో మూలలు వాలుగా కోసి, నా పుస్తకాలకు అట్టలు వేసి, ఆ పెన్సిల్‌తో పేరు రాసేవాడు. నేను పెద్దదాన్నయ్యాక ఆ పెన్సిల్ పోయిందన్నాడు. పోలేదు. చాచా వెళ్లింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మ నేల మీద పచ్చగడ్డి పరిచి కాఫీ పెట్టింది. పొరుగింటి బిర్కె అత్త వచ్చి కూర్చుంది. మొదటి విడత తాగాం. రెండో విడత పోస్తుండగా నేను ఆ చీటీ తీసి కప్పుల మధ్య పెట్టాను.

"ఏంటే అది?" అంది అమ్మ.

"నాన్నను అడుగు."

బిర్కె అత్త ముసలితనంలో చదువు నేర్చుకుంది కదా, కనపడిందల్లా పైకి చదువుతుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "రె-ది-యెత్, అల్-కె-రెమ్. ఓసి జెనెబెచ్, ఇది మీ ఆయన పేరే కదే."

"నా పిల్లలు ఇద్దరే" అంది అమ్మ. కాఫీ కుండ చేతిలోనే ఉంది.

"నాన్నా, ఈ పేరు ఎవరిది?" అని నేను అడిగాను. వేదిక మీద అడిగే గొంతుతోనే అడిగాను. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

"పేరు నాదే తల్లీ" అన్నాడు నాన్న.

"పిల్ల ఎవరిది?"

నాన్న కప్పు చేతిలోకి తీసుకుని, అమ్మ వైపు చూసి, "కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు. కాదు అనలేదు. కాదు అని ఉంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

అమ్మ మూడో విడత పోయలేదు. మూడోది దీవెన కప్పు, అది తాగకుండా మన ఇంట్లోంచి చుట్టం కూడా లేచి వెళ్లలేదు ఏనాడూ. కుండ దించి, శాలువా కప్పుకుని, పిన్ని ఇంటికి వెళ్లిపోయింది. ఇవాళ కూడా రాలేదు. నాన్న మగ్గం ముందు కూర్చున్నాడు, నెయ్యడం లేదు.

నేను అడిగింది న్యాయమైన ప్రశ్నే. అయినా రాత్రి నిద్ర పట్టక ఆలోచించింది అమ్మ గురించి కాదు. ఆ పిల్ల పుస్తకాల మూలలు కూడా వాలుగానే కోశాడా అని.

జవాబు రాయి.

నీ చెల్లెలు
యోదిత్


దిరె దావా
తిర్ 14

ప్రియమైన యోదిత్,

ఇల్లు ముక్కలైంది. ఇప్పుడు నీకు తృప్తిగా ఉందా?

ఊళ్లో పెద్దలు నాన్నను తమతో రావద్దన్నారట. రెండో సంసారం దాచిన మనిషి పిల్లనడగడానికి ముందు నడిస్తే అవతలివాళ్లు ఏమనుకుంటారని. నాన్నే నాకు ఫోన్ చేశాడు. "నేను రాను, మీ మామయ్య వస్తాడు, నీ పెళ్లి చెడకూడదు" అన్నాడు. సరే అన్నాను. ఇంకేమనమంటావు?

నాన్న తప్పు చేశాడో లేదో నీకు తెలియదు. తెలియకుండానే పండగపూట, పొరుగావిడ ముందు, కాఫీ పళ్లెంలో పెట్టి తీర్పు చెప్పావు. న్యాయం, సత్యం, సభ అని పెద్ద మాటలు వాడకు. నీది అసూయ. నీకు తప్ప ఇంకెవరికీ ఆయన పేరు ఉండకూడదు. చిన్నప్పుడు నన్నే నాన్న గాబీలోకి రానిచ్చేదానివి కాదు.

చాచా వెళ్లకు. నా మీద ఒట్టు.

దాగ్మావి


దెబ్రె బిర్హాన్
మెగాబిత్ 22

ప్రియమైన అన్నయ్యా,

రెండు నెలలు నీకు రాయలేదు. నువ్వూ రాయలేదు. నీ ఒట్టును రెండు నెలలు గౌరవించి, మొన్న శనివారం చాచా వెళ్లాను.

సంత దాటాక, రేకుల కప్పున్న ఒంటి గది, ముందు చిన్న వాకిలి. మూడు అంశాల ప్రసంగం సిద్ధం చేసుకుని వెళ్లాను. మొదటిది మా అమ్మ గురించి, రెండోది మా పేరు గురించి. మూడోది ఇక్కడ రాయను, అంత నీచంగా ఉంది. వాకిట్లో ఎండలో గొర్రెతోలు మీద నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన గాబీలోంచి ఇంకో తల బయటికొచ్చి ఉంది. ఏడేళ్ల పిల్ల. పలక మీద అక్షరాలు దిద్దుతోంది. అన్నయ్యా, అది నా చోటు. ఆ గాబీ లోపల ఉన్ని నూనె వాసన ఎలా ఉంటుందో, ఆయన గెడ్డం నడినెత్తి మీద ఎక్కడ ఆనుతుందో నాకు తెలుసు. అక్కడికక్కడే ఆ పిల్లను చెయ్యి పట్టి బయటికి లాగాలనిపించింది. ఇరవై ఒక్క ఏళ్లదాన్ని, ఈ మాట రాస్తున్నాను.

ఆ పిల్ల నన్ను చూసి, "తాతయ్యా, ఎవరో వచ్చారు" అంది.

ముసలివాళ్లందర్నీ పిల్లలు అలాగే పిలుస్తారని సర్దిచెప్పుకున్నాను. ఇంతలో లోపలి నుంచి పిండి చేతులతో ఒకామె వచ్చింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "దాగీ చెల్లెలివి కదూ" అంది.

అల్కెరెమ్ గారి అమ్మాయివా అనలేదు. ఇంకో ఇంటి కూతురు వాకిట్లోకి వస్తే ఆ ఇంటి పెద్ద పేరుతో కదా పలకరిస్తారు. ఆమె నోట ముందొచ్చింది నీ పేరు. నా మూడు అంశాలూ అక్కడే పడిపోయాయి. ఆమె పేరు అస్నాకెచ్. నీకు నేను చెప్పాలా?

పిల్ల గాబీలోంచి కదలకుండానే నన్ను ప్రశ్నించడం మొదలుపెట్టింది.

"నీ పేరేంటి?"

"యోదిత్ అల్కెరెమ్."

"నాది కూడా అల్కెరెమే. మా టీచర్ మూడు పేర్లు చెప్పమంటుంది. నాకు రెండే ఉన్నాయి."

"తాతయ్య పేరు కూడా చెప్పాలి కదా?"

"రెండోదే తాతయ్య పేరు" అంది, నాకు లెక్కలు రావన్నట్టు చూసి. "మధ్యలోది ఇంకా రాలేదు. వస్తుందని తాతయ్య చెప్పాడు."

నాన్న నా వైపు చూడలేదు. పలక మీద అక్షరం చెరిపి మళ్లీ రాశాడు.

అస్నాకెచ్ పప్పు, ఇంజెరా రొట్టె పెట్టింది. నాన్న మొదటి ముద్ద కలిపి పిల్ల నోట్లో పెట్టాడు. రెండోది నాకు పెట్టాడు. రెండోది.

తిరుగు దారిలో మినీబస్సులో అడిగాను. ఆయన దాచలేదు. ఏడేళ్ల కిందట నువ్వు నీది కాదన్నావట. పోయినేడు బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు కావాలంటే, అస్నాకెచ్ నాన్న దగ్గరికి వచ్చిందట. నాన్న నిన్ను అడిగాడట. అప్పుడు నీది కాదనలేదు నువ్వు. "నాదే నాన్నా, కానీ రాయొద్దు" అన్నావట. హెర్మెలా సంగతి చెప్పి, ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నావట.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు తల్లీ. నా పేరు రాశాను" అన్నాడు నాన్న.

"అమ్మకైనా చెప్పొచ్చు కదా నాన్నా. పండగ రోజు అంత మాట పడ్డావు."

"చెబితే మీ అమ్మ వాడి మొహం చూడదు. నా మొహం చూడకపోతే పిన్ని ఇంటికి వెళ్లి బతిమాలుకోగలను. నలభై ఏళ్లుగా అలవాటే. వాడు ఆ పని చెయ్యలేడు, చేతకానివాడు."

ఇంటికొచ్చి నీ పాత ఉత్తరాలు తీశాను. నా మొదటి ఉత్తరంలో ఎక్కడ చూసినా 'వాడు', 'మూడోవాడు' అనే రాశాను. అతడో ఆమో, ముసలో పసో నాకు తెలియదు. నువ్వు జవాబిచ్చావు: "ఆ పిల్ల మానాన ఆ పిల్లను బతకనివ్వు." ఎదుటివాడి మాటలో పొల్లు దొరికితే పట్టుకునేదాన్ని, ఆ రోజు నా కోపంలో ఇది కళ్లకు ఆనలేదు. ఆ వెబ్‌సైట్ లెక్కలోని మూడో మనిషి నిజంగా ఈ పిల్లేనో కాదో కూడా నాకు తెలియదు. ఒకటో తరగతి పిల్ల పేరు అక్కడికెలా ఎక్కుతుంది? ఆ వెబ్‌సైట్ తనకు తోచిన లెక్క వేసింది. జవాబు నీ ఉత్తరంలో ఉంది.

ఇప్పుడు అభియోగానికి నా తుది సమాధానం: ఒప్పుకుంటున్నాను. కాపలా అన్నది అబద్ధం. అసూయతోనే వెతికాను, అసూయతోనే ఆ చీటీ కాఫీ పళ్లెంలో పెట్టాను, నాన్న తలవంచుకునేలా చేశాను. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ ఆ గాబీలోంచి బయటికి లాగాలనే ఉంటుంది. కానీ నా తప్పు వెనక నువ్వు నిలబడి తల దాచుకున్నావు. పెద్దలు నాన్నను వద్దంటే సరే అన్నావు. ఆ ఒక్క మాటకు నీతో నేను వాదించను. వాదించేంత దగ్గరగా రాబుద్ధి కావడం లేదు.

ఒక వింత చెప్పనా? నువ్వు నీ పేరు ఇస్తే ఆ పిల్ల రెదియెత్ దాగ్మావి అవుతుంది. నాన్న పేరు తన అసలు చోటికి, తాత స్థానానికి జరుగుతుంది. తండ్రి పేరుగా అల్కెరెమ్‌ను మోసేవాళ్లం అప్పుడు మళ్లీ ఇద్దరమే, నువ్వూ నేనూ. మొదటి నుంచీ నేను ఏడ్చింది దాని కోసమే. న్యాయమూ నా అసూయా ఒకే బల్ల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి.

అస్నాకెచ్‌ను అడిగాను. "ఫాసికాకు పిల్లను పంపుతాను. నేను రాను. పిలవాల్సిన మనిషి వచ్చి పిలిస్తే అప్పుడు ఆలోచిస్తాను" అంది. చెప్పొద్దని నాన్న నన్ను బతిమాలాడు. నేను మాట ఇవ్వలేదు. ఈ ఉత్తరం రెండు ప్రతులు రాశాను. ఒకటి నీకు. రెండోది ఫాసికా నాడు కాఫీ దగ్గర చదువుతాను. అమ్మ ఆ ఒక్క పూటకు వస్తానంది. బిర్కె అత్త, మామయ్య, పెద్దలు ముగ్గురూ వస్తారు. హెర్మెలాకు నేను రాయలేదు. ఆమెకు చెప్పడం నీ పని, దారిలోనే చెప్పి రా. మంత్రసాని పొరపాటున చాటిన పేరే కావచ్చు, దాని అర్థం నీకు తెలుసు. రాకుండా ఉండిపోవద్దు.

నీ చెల్లెలు, ఆ పిల్లకు మేనత్త
యోదిత్ అల్కెరెమ్


ఈ కింద రాసేది నీకు కాదు, ఆ రోజు వినేవాళ్లకు.

అమ్మా, మామయ్యా, అత్తా, పెద్దలారా, గెన్నా నాడు ఇదే చోట మా నాన్నను దోషిగా నిలబెట్టింది నేను. ఆ తీర్పు తప్పు. అందరి ముందూ చెప్పాను కనుక అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను. పెళ్లి పెద్దల్లో ఆయన చోటు ఆయనకు తిరిగి ఇవ్వండి. అమ్మా, ఆ రోజు నువ్వు పొయ్యకుండా దించేసిన మూడో విడత ఈ రోజు పొయ్యి. అది చేతికి వచ్చేలోగా మీ అందరినీ ఒక్కటే అడుగుతున్నాను. గుమ్మం దగ్గర పలక పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల పేరు మీరు ఒక్కొక్కరూ పైకి పలకాలి, ఆ పిల్లకు వినపడేలా, మూడు మాటల్లోనూ: రెదియెత్ దాగ్మావి అల్కెరెమ్. మా అన్నయ్య మీలో కూర్చుని ఉంటే, ముందుగా అతని చేత చెప్పించండి.